ఉత్త చేతులతో రాని చుట్టాలు

దేవుడి గుడికీ, పెద్దవాళ్ళ దగ్గరికీ, పసిపిల్లలున్న ఇంటికీ ఉత్త చేతులతో వెళ్ళకూడదంటారు మన పెద్దలు. ఒక పండో, నాలుగు బిస్కట్లో, ఏమీ దొరక్కపోతే ఇంత పటికబెల్లమో పట్టుకుని వెళ్ళడం మనకి అలవాటు. చరిత్ర పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నాకు అప్పుడప్పుడూ ఓ చిలిపి ఆలోచన వస్తుంటుంది. ఓడలెక్కి దేశాల మీద పడ్డ వాళ్ళు కూడా ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు కాబోలునని! ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళలేదు. వాళ్ళు పట్టుకెళ్ళినవి ఆ ఇంటికి కావలసినవేనా అన్నది మాత్రం వేరే సంగతి.

ఈ మాట మారిషస్ దీవి గురించి చెప్పుకున్నంత బాగా ఇంకెక్కడా చెప్పుకోలేం. ఆఫ్రికా ఖండానికి తూర్పున, సుమారు 2,000 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం మధ్యలో ఉందది. అగ్నిపర్వతం చల్లారి గడ్డకట్టిన నేల. మొత్తం దేశం కలిపినా పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు ఉండదు. కిందటేడు మావారూ నేనూ వెళ్ళొచ్చాం. వచ్చినప్పటినించీ కనిపించిన వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "బీచ్ ఎలా ఉందండీ?"

నిజం చెప్పొద్దూ, బీచ్ బాగానే ఉంది. బాగానే ఏమిటి, అద్భుతంగా ఉంది. విశాఖలోనూ, మచిలీపట్నంలోనూ అలల హోరు విని పెరిగిన మనకి అక్కడి సముద్రం కొంచెం వింతగా తోస్తుంది. దీవి చుట్టూ చాలామేరకు పగడపు దిబ్బలు కోటగోడలా కాపలా ఉన్నాయి. అలలు వచ్చి ఆ గోడ దగ్గరే విరిగిపోతాయి. గోడకి ఇవతల ఉన్న నీళ్ళు బిందెలో నీళ్ళలా నిలకడగా, పచ్చగా, నీలంగా, అడుగున ఇసక కనిపిస్తూ ఉంటాయి. ఆ కోటగోడ కట్టినవి కంటికి ఆనీ ఆనని ప్రాణులని తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. అయితే సముద్రాన్ని ఆపగలిగిన గోడ ఓడల్ని ఆపలేకపోయింది. దీవి కథంతా అక్కడే మొదలైంది.

అరబ్బు నావికులకి ఆ దీవి తెలుసు. పోర్చుగీసు వాళ్ళకీ తెలుసు. కానీ 1638 దాకా అక్కడ కాపురం పెట్టిన మనిషి లేడు. గబ్బిలాలు తప్ప నేలమీద పాలిచ్చే జంతువన్నదే లేదు. పిల్లి లేదు, కుక్క లేదు, ఎలుక లేదు. పెద్ద పెద్ద తాబేళ్ళు, రకరకాల పక్షులు, నల్లచేవ చెట్ల అడవులు ఉండేవి. నల్లచేవ అంటే మరెవరో కాదు, బీడీలు చుట్టే మన తునికాకు చెట్టుకి అక్కచెల్లెలు. భయపడాల్సిన శత్రువు లేనప్పుడు పక్షికి ఎగరవలసిన పనేముంది? పావురాల కుటుంబంలోని ఒక పక్షి అక్కడ తరతరాలుగా తిని తిరిగి, ఒళ్ళు చేసి, రెక్కలు చిన్నవైపోయి, నేలమీదే గూడు, నేలమీదే గుడ్డుగా బతికింది. అదే డోడో. దానికి ఇప్పుడు బతికున్న దగ్గర చుట్టం మన నికోబార్ దీవుల్లో కనిపించే నికోబార్ పావురమేనట.

1598లో డచ్చి వాళ్ళ ఓడలు వచ్చాయి. తమ రాకుమారుడు మారిస్ పేరు దీవికి పెట్టారు. డోడోని పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. అది మనిషిని చూసి పారిపోయేది కాదు. వండుకుని తిన్నారు. అయితే ఎంతసేపు ఉడికిస్తే అంత గట్టిపడుతోందని విసుక్కుని, దానికి 'రోత పిట్ట' అనే అర్థం వచ్చే పేరొకటి తగిలించారు. వచ్చి తినేసిందీ వాళ్ళే, వంకలు పెట్టిందీ వాళ్ళే! మన పెళ్ళివిందుల్లో మగపెళ్ళివారు గుర్తుకు రావడం లేదూ?

మనుషులు తిన్నది తక్కువే. వాళ్ళు తెచ్చినవి తిన్నది ఎక్కువ. ఓడల్లోంచి ఎలుకలు దిగాయి, పందులు దిగాయి, కోతులు దిగాయి. నేలమీద పెట్టిన గుడ్డుని కాచుకోవడం డోడోకి ఏ తల్లీ నేర్పలేదు. 1662లో చుట్టుపక్కల ఓ లంకలో డోడోలని చూశానని ఒక డచ్చి నావికుడు రాశాడు. నమ్మదగ్గ వార్త అదే ఆఖరు. ఆ తర్వాత ఎప్పుడో ఒకనాడు కడసారి డోడో కన్నుమూసి ఉంటుంది. మనిషి అక్కడ కాపురం పెట్టి ముప్ఫై, నలభై ఏళ్ళకే!

అన్నట్టు, ఈ కథలో మన దేశానికీ ఓ చిన్న పాత్ర ఉంది. 1628కీ 1634కీ మధ్య సూరత్‌లో రెండు డోడోలని చూశానని పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి రాసుకున్నాడు. జహంగీరు కొలువులోని మన్సూర్ గీశాడని చెప్పే డోడో బొమ్మ ఒకటి ఇప్పుడు రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. డోడోని ప్రాణంతో ఎదురుగా పెట్టుకుని గీసిన బొమ్మలు చాలా తక్కువ. వాటిలో ఇది మేలైనదని నిపుణులంటారు. ఎక్కడి దీవి, ఎక్కడి దర్బారు! పాపం, ఆ పక్షి తన ఊళ్ళో అనాథలా పోయింది గానీ మన మొగలాయి చిత్రకారుడి చేతిలో మాత్రం రాజాలా నిలబడింది.

డచ్చి వాళ్ళు 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. లేళ్ళని తెచ్చి వదిలారు. 1710లో, మాకీ దీవి అచ్చిరాలేదని మూటా ముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. ఎలుకలు మాత్రం ఉండిపోయాయి. చెరకూ ఉండిపోయింది. ఆ చెరకే తర్వాత లక్షల జీవితాలను పిప్పి చేసింది.

ఆ తర్వాత ఫ్రెంచి వాళ్ళొచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్‌దొనే రేవు కట్టించాడు, చక్కెర మిల్లు పెట్టించాడు. 1746లో మన మద్రాసుని ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి లాక్కున్న వాడు ఇతనే. వీళ్ళు తెచ్చిన వాటిల్లో మన గోరింకలున్నాయి! చెరకుని మిడతలు తినేస్తున్నాయని 1762లో మన దేశం నుంచి గోరింకల్ని తీసుకెళ్ళి వదిలారు. హోటలు వరండాలో కాఫీ తాగుతుంటే పచ్చకళ్ళజోడు పెట్టుకుని ఒక గోరింక బల్లమీద వాలింది. మన పెరటి పిట్ట అంతదూరంలో కనిపిస్తే పుట్టింటివాళ్ళు కనబడ్డట్టే ఉంటుంది.

కానీ ఫ్రెంచి వాళ్ళు తెచ్చిన వాటన్నిటిలోకీ బరువైనది మనుషులు. మడగాస్కర్ నుంచీ, ఆఫ్రికా తీరం నుంచీ బానిసల్ని సంకెళ్ళతో తెచ్చి చెరకు తోటల్లో పడేశారు. వాళ్ళ చేతులు కట్టేసి ఉన్నాయి గనక వాళ్ళు చేత్తో ఏమీ తేలేకపోయారు. ఒంట్లో తెచ్చుకున్నారు, పాటనీ, అడుగునీ. దాన్ని 'సెగా' అంటారు. మేకతోలు బిగించిన 'రవాన్' అనే వెడల్పాటి వాద్యాన్ని మంటమీద కాచి వాయిస్తారు, అచ్చం మన డప్పు కాచినట్టే. పాదాలు నేలను విడవకుండా జరుపుతూ ఆడతారు. 2014లో యునెస్కో ఈ సెగాని ప్రపంచ వారసత్వ కళల్లో చేర్చింది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో రాత్రి భోజనాల వేళ రంగురంగుల లంగాలు తిప్పుతూ ఆడి చూపిస్తారు. చూసి చప్పట్లు కొడతాం. రోజల్లా చెరకు కొట్టి రాత్రి చీకట్లో ఏడుపుని పాటగా మార్చుకున్న వాళ్ళ ఆట ఇది అని ఎవరైనా ఒక్కమాట చెబితే బాగుండునని నాకనిపించింది.

దీవికి నైరుతి మూలన ల మోర్న్ అనే కొండ ఉంది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లటి కొండ, దాని కింద పాలలాంటి తెల్లటి ఇసక. ఫోటోలకి అంతకంటే మంచి చోటు లేదు. పారిపోయిన బానిసలు ఆ కొండమీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, మమ్మల్ని మళ్ళీ పట్టుకోవడానికే వస్తున్నారని భయపడి వాళ్ళు పైనించి దూకేశారని అక్కడి వాళ్ళు కథ చెబుతారు. కథే కావచ్చు. కానీ శుభవార్త మోసుకొచ్చే వాడిని చూసినా వణికిపోయేంతగా మనిషిని భయపెట్టడం మాత్రం కథ కాదు. యునెస్కో 2008లో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1810లో దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. బానిసలు స్వతంత్రులయ్యాక చెరకు కొట్టేదెవరు? దొరలు మనవైపు చూశారు. 1834 నుంచి 1920 లోపల దాదాపు 5 లక్షల మంది భారతీయులు అయిదేళ్ళ ఒప్పందం మీద ఓడలు దిగారు. నెలకి 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత! బీహారు వైపు నుంచి చాలామంది, తమిళదేశం నుంచి కొందరు, మన గంజాం, విశాఖ, గోదావరి సీమల నుంచి కొందరు. కాకినాడ దగ్గర కోరంగి అప్పట్లో పేరున్న రేవు. అందుకే అక్కడ తెలుగువాళ్ళని చాలాకాలం 'కోరంగీలు' అనేవారు. 1839 నవంబరు తుఫాను కోరంగిని చావుదెబ్బ కొట్టింది. ఈనాడు అక్కడ మడ అడవులు, వాటిల్లో నీటిపిల్లులు ఉన్నాయి. రేవు పోయింది గానీ దాని పేరు మాత్రం సముద్రం దాటి ఇంకో దేశంలో మనుషులకి ఇంటిపేరులా అంటుకుంది.

పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు ఓడ దిగిన చోటుని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. నీళ్ళలోంచి పైకి వచ్చే నల్లరాతి మెట్లు కొన్ని మిగిలాయి. ఆ మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ ఒక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీద మచ్చలు రాసుకునేవారు. 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. ఆ రికార్డులు మోకా ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫోటోల్లో ఆడవాళ్ళని చూస్తుంటే అడుగు ముందుకు పడదు. నెత్తిమీద కొంగు, ముక్కుకి పుడక, కెమెరా అంటే ఏమిటో తెలియని చూపు. పుట్టి బుద్ధెరిగాక పక్క ఊరి తిరనాళ్ళకి వెళ్ళి ఎరగని ఆడది వారాల తరబడి సముద్రం మీద ఎలా వచ్చిందో! ఆమె మూటలో ఏముందో మనకి తెలీదు. కానీ ఇప్పటికీ అక్కడ సంతలో మునగాకుని 'బ్రెద్ మురుం' అని అమ్ముతారు. బళ్ళమీద 'గాతో పిమా' అని వేడివేడిగా అమ్మేవి మన పప్పు వడలే. 'ధాల్ పురి' ఉంది చూశారూ, అది బెల్లం వెయ్యని బొబ్బట్టు. ఈ వంటింటి సామానంతా ఏ దొర ఓడలో, ఏ లెక్కల్లో నమోదైంది చెప్పండి?

ఇక ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతి చెబుతాను. 1865 నాటికి డోడో అనే పక్షి నిజంగా ఉండేదా అని అనుమానించే వాళ్ళు కూడా ఉండేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక తల, ఒక పాదం, ఇంకెక్కడో ఒకటీ అరా ఎముకలు, కొన్ని బొమ్మలు తప్ప దానికి రుజువు లేదు. ఆ ఏడే 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' అచ్చయి, అందులోని డోడో పిల్లలందరికీ నేస్తమైంది. సరిగ్గా ఆ ఏడే మారిషస్‌లో రైలుమార్గం వేస్తున్న ఇంజనీరు హిగ్గిన్‌సన్ కట్టమీద నడుస్తూ, పక్కనున్న మడుగులో మట్టి తీస్తున్న కూలీలు ఎముకల్ని ఏరి కుప్పలు పెట్టడం చూశాడు. మార్ ఓ సోంజ్ అంటారా చోటుని. చేమమడుగు అని అర్థం. సంగతి మహేబూర్ బడిపంతులు జార్జి క్లార్క్‌కి చేరింది. ఆయన కూలీలను నడుంలోతు బురదలోకి దింపాడు. వాళ్ళు ఉత్త పాదాలతో అడుగున తడిమి తడిమి డోడో ఎముకల్ని పైకి తీశారు. అవి లండన్ చేరాయి. రిచర్డ్ ఓవెన్ అనే పండితుడు వాటిని వర్ణించి 1866లో గ్రంథం రాశాడు. ప్రపంచ మ్యూజియాల్లో మనం చూసే డోడో అస్థిపంజరాలు చాలామటుకు ఆ మడుగులోవే.

ఇంజనీరు పేరు ఉంది, పంతులుగారి పేరు ఉంది, పండితుడి పేరు ఉంది. బురదలో పాదంతో తడిమి, ఇది రాయి కాదు, ఎముక అని గుర్తుపట్టిన మనిషి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అతనికీ ఓ నంబరు ఉండే ఉంటుంది. అతనిది ఛాప్రానో, ఆర్కాటో, మన శ్రీకాకుళమో! సొంతవూరు పోగొట్టుకుని వచ్చిన వాడి పాదమే, ఆ వూరు పోగొట్టుకున్న పక్షిని వెతికి పట్టుకుంది. ఆ మడుగు ఇప్పటి విమానాశ్రయం పక్కనే ఉంది. ఏడాదికి పది లక్షల పైచిలుకు యాత్రికులు దాని మీదుగానే బీచీలకి వెళుతుంటారు.

ఒక ఊళ్ళో సింహాద్రి అప్పన్న పూజ జరుగుతోందంటే వెళ్ళాం. అవునండీ, మన సింహాచలం అప్పన్నే. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ నన్ను చూసి "రామ్మా, కూచో" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. కబుర్లు మొదలెట్టాను. నాలుగు మాటల తర్వాత ఆవిడ నవ్వి మనవరాలి వంక చూశారు. ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది, "అవ్వకి అంతే వచ్చు." ఇంట్లో వాళ్ళు మాట్లాడేది క్రియోల్. కానీ రామభజన మొదలయ్యాక దీపం చుట్టూ తిరుగుతూ ఆవిడ గంటసేపు తెలుగు కీర్తనలు ఒక్క అక్షరం తడబడకుండా పాడారు. మనవరాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం చూసి గొంతు కలిపింది. అక్కడి బళ్ళలో తెలుగు చెబుతారు. ఉగాదికి దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అన్నీ నిజమే. అయినా అత్తాకోడళ్ళు దెబ్బలాడుకోవడానికి పనికొచ్చే భాష ఒకటి, దేవుడికి మాత్రమే వినిపించే భాష ఒకటి. ఆ రెండింటి మధ్య దూరం ఎంతో ఆ రోజు తెలిసింది.

పోయిన వాటి లెక్కే చెప్పి మిమ్మల్ని దిగులుపెట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడి అడవుల్లో బల్లుల్ని పట్టి తినే ఒక చిన్న గద్ద ఉంది. అడవులు నరికేశారు. ఎలుకల్ని చంపుతాయని 1900లో మన దేశం నుంచి తెచ్చిన ముంగిసలు, పిట్టల్ని తినడం సులువని కనిపెట్టాయి. మలేరియా దోమల కోసం డిడిటి చల్లారు. 1974 నాటికి స్వేచ్ఛగా ఎగిరే ఆ గద్దలు నాలుగంటే నాలుగే కనిపించాయి. ఇక ఆశ వదులుకోండి అన్నవాళ్ళున్నారు. 1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ యువకుడు వచ్చి వదులుకోనన్నాడు. గూట్లో మొదటి విడత గుడ్లు తీసి వేడిపెట్టి పొదిగించేవాడు. గుడ్లు పోయాయని తల్లి మళ్ళీ పెట్టేది. పిల్లల్ని చేత్తో పెంచి అడవిలో వదిలేవాడు. స్థానికులు పనిలో చేరారు. గద్దలు నాలుగు నుంచి వందలకి చేరాయి. ప్రమాదం పూర్తిగా తప్పిందని కాదు, ఇంకా కాచుకోవలసిందే. కానీ ఉన్నాయి. 1990 ప్రాంతంలో పదికి దిగిపోయిన గులాబిరంగు పావురాలు కూడా వందల్లో ఉన్నాయి.

వాటిని చూడాలంటే మహేబూర్ దగ్గర పడవెక్కి ఈల్ ఓజెగ్రెత్ అనే చిన్న లంకకి వెళ్ళాలి. కొంగల దీవి అని అర్థం. మావారు పడవ ఊగినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, నాకు భయమేస్తోందేమోనని పట్టుకున్నానన్నారు! లంకలో ఎలుకలు లేవు, పిల్లులు లేవు. పొట్టి నల్లచేవ చెట్ల మధ్య మంచమంత తాబేళ్ళు నింపాదిగా నడుస్తుంటాయి. మారిషస్ సొంత తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. ఇవి ఆల్డాబ్రా దీవి నుంచి వచ్చినవి. వాటిని కాపాడమని 1874లో డార్విన్ మొదలైన పెద్దలు మారిషస్ గవర్నరుకి అర్జీ పెట్టారు. 2000లో ఈ లంకలో వదిలాక, అవి చెట్ల పళ్ళు తిని గింజల్ని దూరంగా వేస్తే మొక్కలు బాగా మొలుస్తున్నాయట. పోయిన చుట్టం పని ఇంకో చుట్టం వచ్చి అందుకుంది.

2020 జులైలో వకాషియో అనే పెద్ద ఓడ సరిగ్గా ఆ తీరంలోనే పగడపు దిబ్బ ఎక్కేసింది. ఆగస్టులో దాదాపు 1,000 టన్నుల నూనె నీళ్ళలోకి కారింది. లంకలోని అరుదైన మొక్కల్నీ, పిట్టల్నీ కొన్నిటిని హడావుడిగా తరలించారు. జనం ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. వేలమంది తీరానికి వచ్చి గుడ్డసంచులు కుట్టి, వాటిల్లో ఎండిన చెరకాకు కూరి, నూనెకి అడ్డంగా నీళ్ళలో తేల్చారు. జుట్టు నూనెని పీల్చుకుంటుందని తెలిసి మంగలి షాపుల ముందు నిలబడి జుట్టు కత్తిరించి ఇచ్చారు. మనం తిరుపతిలో ఇచ్చే తలనీలాలు వాళ్ళు సముద్రానికి ఇచ్చారు. క్రియోల్ మాట్లాడే నల్లవాళ్ళూ, చైనావాళ్ళూ, బీహారీలూ, ముస్లిములూ, మన కోరంగీల మునిమనవరాళ్ళూ అంతా ఒకే వరసలో కూచుని సంచులు కుట్టారు. బానిసనీ, కూలీనీ అక్కడికి ఈడ్చుకొచ్చిన చెరకే ఆ సంచుల్లో ఉంది.

వాళ్ళ పూర్వీకుల్లో ఒక్కరు కూడా ఆ దీవిలో పుట్టిన వాళ్ళు కాదు. అందరూ ఏదో ఒక ఓడ దిగిన చుట్టాలే. ఆ వారం రోజులూ మాత్రం అక్కడున్నది చుట్టాలు కాదు, ఇంటివాళ్ళు.